అశ్వత్థామ నుదుటి మణి: రెజిన్‌తో నేను ఎలా చేశానంటే

మా తమ్ముడు ఈసారి హైదరాబాద్ కామిక్ కాన్‌కి (జనం తమకి నచ్చిన పాత్రల వేషాలు వేసుకుని వచ్చే వేడుక) అశ్వత్థామ వేషం కడతానన్నాడు. బట్టలు, విల్లు, గాయాల మేకప్ అన్నీ వాడూ వాడి స్నేహితులూ చూసుకుంటామన్నారు, నుదుటి మీది మణి ఒక్కటీ నాకు అప్పగించారు. నేను రెజిన్‌తో, అంటే అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవంతో, కీచైన్లు, పెండెంట్లు చేస్తూ ఉంటాను కాబట్టి ఇదేం పెద్ద పని కాదని వాళ్ల లెక్క. కానీ పెండెంట్ వేరు, వేషానికి పెట్టే రాయి వేరు. పెండెంట్‌ని చేతిలోకి తీసుకుని దగ్గరగా చూస్తారు. వేషంలో రాయిని పది పదిహేను అడుగుల దూరం నుంచి, జనం మధ్యలో, హాలు లైట్ల కింద చూస్తారు, లేదా ఫోన్‌లో తీసిన ఫొటోలో చూస్తారు. అంత దూరంలో కూడా అది మణి అనిపించాలంటే రంగు ఒక్కటే సరిపోదు. పలకల అంచులు పదునుగా ఉండాలి, రాయి వెనకాల ఏం పెట్టామన్నది సరిగ్గా ఉండాలి. నాకు తెలిసి ఈ వెనక సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు కథ చెప్పుకోవాలి, ఎందుకంటే రాయి ఎలా ఉండాలో కథే నిర్ణయించింది. అశ్వత్థామకి ఆ మణి పుట్టుకతో వచ్చింది. అది కట్టుకున్నవాడికి ఆయుధాల భయం, రోగ భయం, ఆకలి భయం ఉండవని భారతంలో అతనే చెప్తాడు. సౌప్తిక పర్వంలో అస్త్రాల గొడవ అయ్యాక మణిని ఇచ్చేస్తాడు, భీముడు దాన్ని తీసుకెళ్లి ద్రౌపది చేతిలో పెడతాడు, ఆవిడ ధర్మరాజుని తల మీద ధరించమంటుంది. భాగవతం ప్రథమ స్కంధంలో అయితే అర్జునుడే కత్తితో జుట్టుతో సహా మణిని కోసేస్తాడు. తమ్ముడి బృందం భారతంలో కథే తీసుకున్నారు. స్టేజీ మీద భీముడు వచ్చి నుదుటి మీంచి మణి తీసుకోవాలి, అతని చేతిలో కూడా అది వెలుగుతూనే ఉండాలి అన్నారు. అంటే గమ్ పెట్టి అంటించి వదిలేస్తే కుదరదు. ఒక్క లాగుతో ఊడి రావాలి, ఊరికే తల తిప్పితే మాత్రం ఊడకూడదు, లైటూ బ్యాటరీ అన్నీ రాయితోనే ఉండాలి, వైర్లు విగ్గులోకి వెళ్లకూడదు.

రంగు దగ్గర చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. ఎరుపు ఎవరికైనా ముందు తోచే రంగు. కానీ నుదుటి మధ్యలో ఎర్రటి గుండ్రటి వస్తువు ఉంటే మన జనానికి దూరం నుంచి అది కుంకుమ బొట్టే. నీలం రంగు కాగితం కత్తిరించి పెట్టి చూశాం, మట్టి రంగు, రక్తం రంగు మేకప్ మధ్యలో అది అతకలేదు. ఆఖరికి గోమేధికం రంగు, అంటే ముదురు తేనె రంగు ఖాయం చేశాం. దీనితో ఇంకో లాభం ఉంది. ఎపాక్సీ రెజిన్ ఎండకీ కాలానికీ పసుపెక్కుతుంది. తెల్లటి రాయి చేస్తే కొన్నాళ్లకి పాతబడ్డట్టు కనిపిస్తుంది, లేత నీలం చేస్తే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. తేనె రంగులో ఆ పసుపు కలిసిపోతుంది.

అచ్చు పోయాలంటే ముందు మూలం, అంటే అచ్చు తీయడానికి నమూనా ముక్క కావాలి. బజార్లో రాళ్ల ఆకారంలో రెడీమేడ్ సిలికాన్ మోల్డులు బోలెడు దొరుకుతాయి, కానీ నేను చూసినవాటిలో పలకలు మొద్దుగా ఉన్నాయి, సైజులు కూడా నుదుటికి సరిపోయేవి కావు. 3డి ప్రింట్ తీయించుకోవచ్చు, అయితే ప్రింట్ మీద ఉండే పొరల గీతలన్నీ పోయేదాకా రుద్దడానికి పట్టే శ్రమతో చేత్తోనే చేసుకోవచ్చనిపించింది. నేమ్ బోర్డులు చేసే షాపులో 12 మిల్లీమీటర్ల మందం ఉన్న యాక్రిలిక్ తుక్కు ముక్క అడిగితే ఇచ్చారు, వాళ్ల లేజర్ మిషన్ మీదే 4 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పుతో కోడిగుడ్డు ఆకారంలో కోసి పెట్టారు. పైన మధ్యలో చదునుగా ఒక బల్ల, చుట్టూ ఎనిమిది పలకలు, ఇదీ నేను గీసుకున్న బొమ్మ. ఇంకా ఎక్కువ పలకలు పెడితే అందంగానే ఉంటుంది కానీ దూరం నుంచి అన్నీ కలిసిపోయి గుండ్రంగా కనిపిస్తాయి. పెద్ద పలకలు తక్కువ ఉంటే తల తిప్పినప్పుడల్లా ఒక్కో పలకా విడిగా మెరుస్తుంది.

పలకల్ని ముందు ఆకురాయితో మోటుగా తీశాను. ఆ తర్వాత అసలు పని. రాయిని చేత్తో పట్టుకుని ఎమ్రీ పేపర్‌తో రుద్దితే చెయ్యి ఊగుతుంది, అంచు గుండ్రంగా అరిగిపోతుంది. ఇది ప్లాస్టిక్ అని కన్ను పట్టేసేది ఆ అరిగిన అంచు దగ్గరే. అందుకని ఏటవాలుగా కోసిన ఒక చెక్క ముక్కకి రాయిని డబుల్ టేపుతో అంటించి, మందపాటి గాజు మీద వాటర్ పేపర్ పరిచి, నీళ్లు చల్లుకుంటూ, చెక్కతో కలిపి రుద్దాను. చెక్క వాలు మారదు కాబట్టి ఎనిమిది పలకలకీ ఒకే కోణం వచ్చింది. 220 నంబరుతో మొదలుపెట్టి 400, 800, 1500, 2000 దాకా వెళ్లాలి, నంబరు మార్చినప్పుడల్లా రుద్దే దిక్కు కూడా మార్చాలి, అప్పుడు పాత గీతలు పోయాయో లేదో అడ్డంగా కనిపిస్తాయి. ఆఖర్న కార్లకి వాడే రబ్బింగ్ కాంపౌండ్ నూలు గుడ్డ మీద వేసి పాలిష్ పట్టాను. ఇదంతా మూలానికే ఎందుకంటే సిలికాన్ ఆకారాన్నే కాదు, మెరుపుని కూడా అలాగే దించుకుంటుంది. మూలం మసకగా ఉంటే అందులోంచి వచ్చే ప్రతి రాయీ మసకగానే వస్తుంది, అద్దంలా ఉంటే మోల్డులోంచి తీసిన రాయికి మళ్లీ పాలిష్ అక్కర్లేదు. రాయికి పెట్టే శ్రమంతా ఇక్కడ ఒక్కసారి పెట్టేయడం మేలు.

మరి ఆ యాక్రిలిక్ ముక్కనే వాడుకోవచ్చు కదా అని తమ్ముడు అడిగాడు. వాడుకోవచ్చు, కానీ దానికి రంగు వెనక నుంచే పూయాలి, లోపల్నుంచి రంగు ఉన్న రాయిలో కనిపించే లోతు రాదు. పైగా వేషాల పోటీ రోజున ఒక్కటే రాయి పెట్టుకుని వెళ్లడం నాకు ఇష్టం లేదు, కింద పడితే ఇంకోటి చేతిలో ఉండాలి.

మోల్డుకి సిలికాన్ రెండు రకాలు దొరుకుతుంది. ప్లాటినం రకం చాలావరకు రెండు భాగాలూ సమానంగా కలిపేది, దాదాపు కుంచించుకుపోదు, ఎక్కువ కాలం మన్నుతుంది. కానీ గంధకం ఉన్న మోడలింగ్ క్లే తగిలినా, లేటెక్స్ గ్లవుజులతో ముట్టుకున్నా, కొన్ని యూవీ రెజిన్ 3డి ప్రింట్ల మీద పోసినా ఆ తగిలిన చోట గట్టిపడక జిగురుగా ఉండిపోతుంది. టిన్ రకానికి ఈ బాధ తక్కువ, ధర కూడా తక్కువ. అది కొద్దిగా కుంచించుకుపోతుంది, కొన్నేళ్లకి పెళుసుబారుతుంది, అయినా నాలాంటి పనికి అది చాలు. నేను వాడినదానికి 100 గ్రాములకి 3 గ్రాముల గట్టిపడే మందు కలపాలి. ఈ 3 గ్రాములు వంటింటి కాటా మీద నమ్మకంగా తూగవు, బంగారం తూచే చిన్న కాటా ఉంటుంది చూడండి, గ్రాములో పదో వంతు చూపించేది, అది ఒకటి కొనుక్కోండి. రెజిన్‌కి కూడా అదే పనికొస్తుంది.

రాయిని నున్నటి ప్లాస్టిక్ పలక మీద బోర్లా కాకుండా, వీపు కిందికి ఉండేలా అంటించి, అంచు చుట్టూ సందు లేకుండా చూసుకున్నాను, లేకపోతే సిలికాన్ కిందికి పాకి రాయి వీపు వంకరగా వస్తుంది. చుట్టూ ఐస్‌క్రీమ్ డబ్బా అడుగు కోసి గోడగా పెట్టి హాట్ గ్లూ వేశాను. ముందు సన్న బ్రష్షుతో కొంచెం సిలికాన్ పలకల మూలల్లోకి పూయాలి, ఆ తర్వాత మిగతాది ఒక మూల నుంచి, కొంచెం ఎత్తు నుంచి, సన్నటి తీగలా పోస్తూ ఉంటే అదే పాకుతూ వచ్చి రాయిని కప్పేస్తుంది, బుడగలు దారిలోనే పగిలిపోతాయి. రాయి పైన కనీసం సెంటీమీటరు మందం ఉండాలి. రాత్రి పోసి మర్నాడు తీశాను. బోలుగా ఉన్న ఆ గుంటలో ఎనిమిది పలకలూ తడిసినట్టు మెరుస్తుంటే ఇక్కడిదాకా దారి సరిగ్గానే ఉందని ధైర్యం వచ్చింది.

ఇక రెజిన్. గది గాలాడేలా ఉండాలి, చేతికి నైట్రైల్ గ్లవుజులు ఉండాలి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎపాక్సీ పదే పదే చర్మానికి తగిలితే కొందరికి ఎలర్జీ మొదలవుతుంది, ఒకసారి మొదలైతే తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లు వస్తాయి, అది జీవితాంతం ఉండిపోవచ్చు. గట్టిపడ్డాక రుద్దేటప్పుడు కూడా తడిపి రుద్దాలి, మాస్క్ పెట్టుకోవాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

పాళ్లు సీసా మీద ఎలా రాసుంటే అలాగే కలపాలి, కొలతతోనా తూకంతోనా అన్నది కూడా చదవాలి, రెండూ ఒకటి కావు. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ (రెజిన్‌ని గట్టిపరిచే రెండో ద్రవం) ఎక్కువ పోస్తే గట్టిపడదు సరికదా మెత్తగా ఉండిపోతుంది. చిన్న రాయే కదా అని మరీ కొంచెం కలిపితే కొలతలో చిన్న తేడా కూడా పెద్దదైపోతుంది, అందుకే నేను అవసరానికి మించి కలిపి మిగిలినది కీచైన్ మోల్డుల్లో పోసేస్తాను. కలిపే ముందు రెజిన్ సీసాని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే పల్చబడి బుడగలు సులువుగా పైకి వస్తాయి. నెమ్మదిగా, గోడలూ అడుగూ గీకుతూ మూడు నాలుగు నిమిషాలు కలిపి, ఇంకో కప్పులోకి ఒంపి మళ్లీ కలపాలి. మొదటి కప్పు గోడకి కలవకుండా అంటుకున్నదే తర్వాత రాయి మీద జిగట మచ్చై కూర్చుంటుంది.

రంగుకి ఆల్కహాల్ ఇంక్ వాడాను, పసుపుకి కొంచెం గోధుమ రంగు. చుక్కలుగా కాదు, పుల్ల కొనతో. కప్పులో చూసిన రంగుని నమ్మకూడదు, మందం పెరిగేకొద్దీ రంగు ముదురుతుంది కాబట్టి రాయి ఎంత మందమో అంతే లోతున్న పారదర్శకమైన మూతలో పోసి, కింద తెల్ల కాగితం పెట్టి చూడాలి. మీరు అనుకున్నదానికంటే ఒక మెట్టు లేతగా ఆపండి. వెనక రేకు వచ్చాక వెలుతురు రాయిలోంచి వెళ్లి మళ్లీ వెనక్కి వస్తుంది, అంటే రంగులోంచి రెండుసార్లు దాటుతుంది, అప్పుడు అది దానంతటదే ముదురుగా కనిపిస్తుంది.

మోల్డులో పోసేటప్పుడు ముందు నాలుగు చుక్కలు వేసి పుల్లతో పలకల గీతల వెంట రుద్దాను, బుడగలు దాక్కునేది అక్కడే. పోశాక పైకి వచ్చినవాటి మీద లైటర్ మంటని రెప్పపాటు తిప్పితే పగిలిపోతాయి, ఒకే చోట పెడితే సిలికాన్ పాడవుతుంది. దుమ్ము పడకుండా స్టీలు గిన్నె బోర్లించాను. మేం చేసింది వానాకాలంలో. గాలిలో తేమ ఎక్కువున్న రోజున పోసిన రాయి వీపు మీద నూనె రాసినట్టు పల్చటి జిడ్డు పొర వచ్చింది. రెజిన్ పాడైందేమోనని టెన్షన్ పడక్కర్లేదు, హార్డెనర్‌లోని అమైన్ అనే రసాయనం గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిస్తే వచ్చే పొర అది, గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగితే పోతుంది. కడగకుండా దాని మీద గమ్ వేస్తే మాత్రం పట్టదు.

రెండో రోజుకి రాయి తీయొచ్చు, కానీ రుద్దడానికీ రంధ్రాలు పెట్టడానికీ ఇంకో రెండు మూడు రోజులు ఆగాలి. మోల్డు అడుగుని రెండు బొటనవేళ్లతో నొక్కితే ముందు ఒక అంచు తేలింది, చిన్న చప్పుడుతో గాలి దూరింది, రాయి మొత్తం నా అరచేతిలోకి జారింది. పలకల అంచులు వేలికి గీరుకునేంత పదునుగా వచ్చాయి. కిటికీ దగ్గర పైకెత్తి చూస్తే నిజంగా గోమేధికమే. కిటికీ నుంచి తెచ్చి తమ్ముడి నుదుటి మీద పెట్టేసరికి మెరుపంతా పోయింది, బెల్లం ముక్కలా కనిపించింది.

ఇది మనం ఊహించాల్సిందే. రెజిన్ వక్రీభవన గుణకం, అంటే వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, సుమారు 1.5, వజ్రానిది 2.42. వజ్రం లోపలికి వెళ్లిన వెలుతురు వెనక పలకల మీద 24 డిగ్రీలు దాటిన కోణంలో తగిలితే చాలు, బయటికి పోలేక మళ్లీ మన కంటికే వస్తుంది. రెజిన్‌లో ఆ కోణం 42 డిగ్రీలు దాటాలి. పైగా మన రాయి వీపు చదును. కాబట్టి ఎదుటి నుంచి వచ్చిన వెలుతురు చాలావరకు రాయిలోంచి దూసుకెళ్లి వెనకున్న చర్మం మీద పడి అక్కడే ఆగిపోతుంది. కిటికీ దగ్గర బాగుందంటే వెనక నుంచి వెలుతురు వస్తోంది కాబట్టి.

దీనికి మందు నాకు తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో దొరికింది. అక్కడ పద్యనాటకాలకి వేషాలు అద్దెకిచ్చే పెద్దాయన ఒకాయన ఉన్నారు, చిన్నప్పటి నుంచీ బాబాయ్ గారనే పిలుస్తాం. రాయి చూపించి, ఇది స్టేజీ మీద మెరవాలి బాబాయ్ గారూ, ఏం చేయమంటారు అని అడిగాను. ఆయన అటక మీంచి దుర్యోధనుడి కిరీటం దించి, ఊడబోతున్న ఒక ఎర్ర రాయిని గోటితో పైకి లేపారు. కింద నలిగిన బంగారు రంగు రేకు ముక్క. రాయి బయటికి వచ్చాక చూస్తే ఉత్త గాజు, ఎర్ర సీసా పెంకుకీ దానికీ తేడా లేదు. మళ్లీ గుంటలో పెట్టగానే వెలిగింది. "రాయిలో ఏముందమ్మా, గాజు ముక్కే కదా. వెలుగంతా కింద ఉంది," అన్నారు. బేగడ రేకు నలిపి పెట్టాలట, సాపుగా పెట్టకూడదట. రాళ్లు పొదిగే కుందన్ నగల పనిలో నిజమైన రాళ్ల కింద కూడా రేకు పెట్టేది ఇందుకే. ఆయన దగ్గర మిగిలిన పాత బేగడ కొంచెం చింపి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు.

నలపమని ఎందుకన్నారో ఇంటికొచ్చి రెండు విధాలుగా పెట్టి చూస్తే అర్థమైంది. సాపుగా ఉన్న రేకు ఒకే అద్దంలా పనిచేస్తుంది. సరైన కోణంలో ఉన్నప్పుడు భగ్గుమంటుంది, తల కొంచెం తిప్పితే మొత్తం నల్లబడుతుంది. నలిపి, మళ్లీ వేలితో మెల్లగా పరిచిన రేకులో వందల చిన్న వాలులుంటాయి, ఎటు తిప్పినా ఏదో ఒకటి వెలుతురుని మన వైపు పంపుతూనే ఉంటుంది. పైనున్న ఎనిమిది పలకలు ఆ మెరుపుల్ని మళ్లీ ముక్కలు చేస్తాయి. రేకుని మామూలు గమ్‌తో కాకుండా పల్చగా పూసిన రంగులేని రెజిన్‌తో అంటించండి, గమ్ ఆరాక తెల్లటి మరకలు పై నుంచి కనిపిస్తాయి. బేగడ దొరకకపోతే చాక్లెట్ల బంగారు రేకు బాగా పనిచేస్తుంది. వంటింటి అల్యూమినియం రేకు తేనె రంగు కింద కొంచెం చల్లగా, బూడిదగా కనిపించింది, నీలం రాయికి అదే మేలు కావచ్చు.

రేకు పెట్టాక లైటు చిక్కొచ్చింది. వేషాల్లో సాధారణంగా రాయి వెనక ఎల్‌ఈడీ పెడతారు, కానీ రేకు వెలుతురుని ఆపేస్తుంది. రేకు తీసేస్తే లైటు ఆరిన క్షణం రాయి చచ్చిపోతుంది, పైగా వెనక నుంచి ఒకే ఎల్‌ఈడీ వెలిగితే మధ్యలో తెల్లటి చుక్క కనిపించి బొమ్మ టార్చిలా ఉంటుంది. అందుకే లైటుని పక్కకి తెచ్చాను. రాయి పై అంచులో ఒకటి, కింది అంచులో ఒకటి, 3 మిల్లీమీటర్ల రంధ్రాలు చిన్న చేతి డ్రిల్‌తో నెమ్మదిగా వేసి, వార్మ్ వైట్ ఎల్‌ఈడీలు దూర్చి రెజిన్ చుక్కతో బిగించాను. వెలుతురు పక్క నుంచి రాయి లోపలికి వెళ్లి, రేకు మీద పడి, పలకల్లోంచి బయటికి వస్తుంది. లైటు ఎక్కడుందో కంటికి తెలియదు, రాయే వెలుగుతున్నట్టుంటుంది. రెండూ సీఆర్ 2032 బటన్ సెల్ ఒక్కదానితోనే నడుస్తాయి. ఆ సెల్ 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, రేకు వెనకాల చక్కగా దాక్కుంటుంది. స్విచ్ బదులు సెల్‌కీ తీగకీ మధ్య చిన్న ప్లాస్టిక్ కాగితం పెట్టాను, లాగేస్తే వెలుగుతుంది.

చుట్టూ ఈవా ఫోమ్ షీటుతో (మెత్తటి రబ్బరులాంటి షీటు) గూడు కోసి, పాత ఇత్తడి రంగు వేసి, ఎల్‌ఈడీలు ఆ అంచు కింద కనబడకుండా చేశాను. గూడు వీపున రెండు చిన్న నియోడిమియం అయస్కాంతాలు, నుదుటి వైపు పల్చటి ఫోమ్ ముక్కలో ఇంకో రెండు. ఆ ఫోమ్ ముక్క చర్మం రంగు పట్టీకి కుట్టేశాం, పట్టీ విగ్గు కిందికి వెళ్లిపోతుంది. అయస్కాంతం ఒక్కటే ఉంటే రాయి గుండ్రంగా తిరిగిపోతుంది, రెండుంటే నిలబడుతుంది. రాయి బరువు పది గ్రాముల లోపే, మొత్తం కలిపినా పెద్దగా లేదు. తమ్ముడు పెట్టుకుని ఇల్లంతా తిరిగి, తల విదిలించి, మెట్లు దిగి వచ్చి, "అక్కా, ఉన్నట్టే లేదు," అన్నాడు. చర్మానికి తగిలేది ఫోమ్, బట్ట మాత్రమే, రెజిన్ కాదు, ఆ జాగ్రత్త ముందు నుంచీ పెట్టుకున్నాను.

కామిక్ కాన్ జరిగిన హైటెక్స్ హాల్లో నేను జనంలో నిలబడి చూశాను. అక్కడి లైట్లు పై నుంచి పడతాయి కాబట్టి ఎల్‌ఈడీ వెలుగు నేను అనుకున్నంత కనిపించలేదు, ఆ లోటు బేగడే తీర్చింది, తమ్ముడు తల ఎత్తినప్పుడల్లా ఒక్కో పలకా విడివిడిగా మెరిసింది. స్టేజీ మీద మాత్రం లైట్లు తగ్గించారు. భీముడు రాయి లాగినప్పుడు అతని వేళ్ల సందుల్లోంచి తేనె రంగు వెలుతురు బయటికి వచ్చింది, ముందు వరసలో పిల్లలు లేచి నిలబడ్డారు. అంతసేపు వాడి నుదుటి మీద వెలుగుతున్న చోట ఫోమ్ ముక్క మీద వేసిన గాయం ఒక్కటే మిగిలింది, దాన్ని మేకప్ చేసిన అబ్బాయి చాలా బాగా కలిపాడు.

రెండో రాయికి ఎల్‌ఈడీ పెట్టకుండా రేకు ఒక్కటే పెట్టి ధర్మరాజు కిరీటంలో పొదిగాం. ఇప్పుడు ఒకమ్మాయి నాగమణి అడిగింది. దానికి పలకలు ఉండవు, ఉబ్బెత్తుగా నున్నగా ఉండాలి, కాబట్టి వెనక రేకు ఇంకా బాగా కనిపిస్తుంది, దాని మడతలు ఎలా ఉండాలో ముందు కాగితం మీద చూసుకుని మొదలుపెడతాను. పాత మోల్డు ఇంకా బాగానే ఉంది, టిన్ సిలికాన్ ఎప్పటికీ అలాగే ఉండదు కాబట్టి కావాల్సిన రాళ్లు ఈ చలికాలం లోపలే పోసి పెట్టుకుంటున్నాను.